ఎగరని గంట

బిన్మలే, పంగసినాన్
3 ఏప్రిల్ 1999

గౌరవనీయులైన వాల్డో బావగారికి,

మీ చెల్లెలు లుదింగ్‌ను మట్టి చేసిన సాయంత్రమే మీరు గువామ్ విమానం ఎక్కాల్సి వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిశాయి. ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి ఇరవై, శనివారం. లుదింగ్ నాలుగున్నరకు లేచింది. వెల్లుల్లి అన్నం వేయించి, ఎండుచేప కాల్చింది. నాకు పెట్టి తను తినలేదు. పైన తింటానని డబ్బాలో సర్దుకుంది. ఆరింటికి ఎయిర్‌స్ట్రిప్ చేరాం. డాక్టరు ముందు రోజే దీవికి పడవలో వెళ్ళాడు, ఆయన్ని వెనక్కి తీసుకురావాలి. అందుకే విమానంలో ఒక్కతే.

విమానం చుట్టూ తిరిగి చూసింది. రెక్కల అడుగు నుంచి పెట్రోలు గ్లాసులోకి పట్టి వెలుగుకు ఎత్తి చూసింది. నీళ్ళు లేవు. డెల్ఫిన్ తన విమానం ఉంచే షెడ్డు ముందు కుర్చీలో కాఫీ తాగుతున్నాడు.

"ఏమ్మా, ఇవాళైనా నీ మొగుణ్ణి పైకి ఎక్కిస్తావా, కిందే కాపలా పెడతావా?" అన్నాడు.

"ఆయన భూమి కొలిచే మనిషి మావయ్యా. పైకొస్తే కొలతలు తప్పుతాడు" అంది. డెల్ఫిన్‌కు ఎడమ చెవి వినపడదు కదా, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నేను విన్న ఆమె చివరి మాటలు అవి. నాతో అన్నవి కావు.

ఆరూ ఇరవై ఐదుకు పడమటి వైపు ఎగిరింది. అన్నం డబ్బా మా జీపు సీటు మీదే ఉండిపోయింది. అది తీసుకుని ఎప్పుడూ నిలబడే చోటికి, రన్‌వేకి ఎడమ పక్క షెడ్డు దగ్గరికి వెళ్ళాను. రన్‌వే దాటిన తర్వాత ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఎత్తు మూడు వందల అడుగులని డెల్ఫిన్ అంటాడు. ఎదురుగా కిలోమీటరు పొడవునా చేపల చెరువులు, నడుము లోతు నీళ్ళు. ఆమె నేరుగా వెళ్ళలేదు. ఎడమకు తిరిగింది. సగం తిరిగేసరికి ఎడమ రెక్క వాలిపోయింది.

రన్‌వే అంచు నుంచి పడిన చోటికి నూట నలభై మీటర్లు. మర్నాడు నా టేపుతో కొలిచాను. డెల్ఫిన్ నాకంటే ముందు చేరాడు, ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. నేను డబ్బాను జాగ్రత్తగా కింద పెట్టి అప్పుడు పరుగెత్తాను.

విమాన ప్రమాదాల ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాడు. ఇంజనులో ఒక వాల్వు విరిగిందట. "అది ఎవరి తప్పూ కాదండీ. ఆ తర్వాతి తొమ్మిది సెకన్లే నాకు కావాలి. అంత తక్కువ ఎత్తులో వెనక్కి తిరగకూడదని మొదటి నెలలోనే నేర్పుతారు, రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్షిస్తారు. ఈవిడను చివరిసారి ఎవరు పరీక్షించారు?" అని అడిగాడు. ఆమెది అమెరికా లైసెన్సు, విమానం కూడా అమెరికా రిజిస్ట్రేషనుతో మీ పేరు మీద ఉన్నది, అందువల్ల అమెరికా గుర్తింపు ఉన్న శిక్షకుడే చెయ్యాలి, ఆమె సొంత అన్నే చేశారు, పోయిన నవంబర్ రెండున, అని చెప్పాను. ఒక గంట నేల మీద ప్రశ్నలు, ఒక గంట గాలిలో. ఆమె ఎగిరిన లెక్కలు రాసుకునే లాగ్‌బుక్కులో మీ సంతకం ఉంది. పుస్తకం అడిగాడు. వెతికి ఇస్తానన్నాను.

ఆ గాలిలో గంట మీరిద్దరూ ఏమేం చేశారో రాయండి.

మీ
క్రిసాంతో

*

డెడెడో, గువామ్
15 ఏప్రిల్ 1999

ప్రియమైన సాంతో బావా,

నీ ఉత్తరం శిక్షణ ఆఫీసులో నిలబడి తెరిచాను, కూర్చుని ముగించాను. నాన్న పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదు. మా ఇంట్లో ఎగరడం వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. కాలిఫోర్నియాలో దాని ఫీజు నేను కట్టాను, మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినప్పుడు పైలట్ల ఆచారం ప్రకారం దాని చొక్కా వెనక గుడ్డ కత్తిరించింది కూడా నేనే.

ఆ గంట గురించి అడిగావు. దాచేదేముంది? వాతావరణం బాగుంది. సముద్రం వైపు వెళ్ళాం. పదునైన మలుపులు చేయించాను, వేగం చచ్చేదాకా తగ్గించి మళ్ళీ అందుకోమన్నాను. తర్వాత స్ట్రిప్‌కు తిరిగొచ్చి, పైకి లేచిన వెంటనే ఇంజను శక్తి తీసేశాను. "ఇప్పుడేం చేస్తావే?" అన్నాను. "ముక్కు దించి నేరుగా పోతా అన్నయ్యా, నువ్వు అరవకు" అంది. నేరుగానే పోయింది. వెన్నలో కత్తి దిగినట్టు. అప్పుడు సంతకం పెట్టాను.

పరీక్షలో సరిగ్గా చేసిన మనిషి అసలు రోజున ఎందుకు తప్పింది? అది నువ్వే చెప్పాలి. ఏమీ తినకుండా బయలుదేరిందని నువ్వే రాశావు. ముందు రాత్రి ఏమైనా అనుకున్నారా? ఖాళీ కడుపుతో పెళ్ళాం ఆకాశంలోకి పోతుంటే చేతులు కట్టుకుని చూసేవాడు మొగుడెలా అవుతాడు బావా? కోపం తెచ్చుకోకు, అన్నగా అడుగుతున్నాను.

లాగ్‌బుక్కు గురించి మరీ బుర్ర పాడుచేసుకోకు. దొరక్కపోతే కొంపలేం మునగవు. అది విమానంలోనే ఉండి చెరువులో పోయిందంటే ఏ ఇన్‌స్పెక్టరూ నీళ్ళలోకి దిగి వెతకడు.

నీ
వాల్డో

*

బిన్మలే
26 ఏప్రిల్ 1999

వాల్డో గారికి,

లాగ్‌బుక్కు దొరికింది. అల్మారాలో, నా చొక్కాల కింద.

విమానంలో ఇంజను నడిచిన సమయాన్ని లెక్కపెట్టే మీటరు ఉంటుంది. లుదింగ్ ప్రతి ప్రయాణానికీ ముందొకసారి, తర్వాతొకసారి ఆ అంకె రాసుకునేది. అక్టోబరు 31, దిగాక: 2318.4. నవంబరు 7, బయలుదేరే ముందు: 2318.4. మధ్యలో నవంబర్ రెండున మీరు ఆమెతో ఎగిరిన గంట ఏ ఇంజను మీద ఎగిరారు?

మీ సంతకం పక్కన బొటనవేలి ముద్ర ఉంది. జిడ్డు. ఆరు నెలలైనా కాగితం అక్కడ అద్దంలా ఉంది, వెనక పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ రోజు పోయినవాళ్ళను తలుచుకునే పండగ, మీ నాన్నగారి సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. మధ్యాహ్నం డెల్ఫిన్ షెడ్డులో పందిని కాల్చారు. అరిటాకుల మీద అన్నం, చివరన లాగ్‌బుక్కుల దొంతర. మీరు ఒక చేత్తో చర్మం ముక్క నములుతూ ఇంకో చేత్తో పేజీలు తిప్పడం నాకు గుర్తుంది. గాలిలో పంది మాంసం వడ్డిస్తారని నేనెక్కడా వినలేదు.

"ముక్కు దించి నేరుగా పోతా అన్నయ్యా, నువ్వు అరవకు." ఈ మాట బాగుంది. అచ్చం ఆమెలాగే ఉంది. పోయినవాళ్ళ చేత మాట్లాడించేటప్పుడు కూడా మీరు మీకు అనుకూలంగానే మాట్లాడిస్తారు.

క్రిసాంతో

*

డెడెడో
7 మే 1999

సాంతో,

నువ్వు భూమి కొలవడం దండగ. ప్లీడరువి కావాల్సింది. సాక్షిని కూర్చోబెట్టి, తనకు ముందే తెలిసినదాన్ని వాడి నోటితో కక్కించేవాళ్ళు ప్లీడర్లే.

సరే. ఎగరలేదు. చాలా? ఇప్పుడు నువ్వు రాయని ముక్క నేను రాస్తాను.

నవంబర్ రెండు పొద్దున, శ్మశానం గేటు దగ్గర. చేతిలో ఆరిపోయిన కొవ్వొత్తితో నన్ను పక్కకు లాగావు. "బావగారూ, ఈసారి దాన్ని వదిలెయ్యండి. పోయినసారి అందరి ముందూ తిట్టారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఏడు వందల గంటలు ఎగిరిన మనిషికి ఇంకా పరీక్షలేమిటి? సంతకం పెట్టెయ్యండి. మీ చెల్లెలేగా." ఇవి నీ మాటలు. ఒక్క అక్షరం మార్చలేదు. ఇవి కూడా నాకు అనుకూలంగా ఉన్నాయా?

తొంభై నాలుగులో పైకి లేవగానే ఇంజను తీశాను. ఎడమకు తిరిగింది. తొంభై ఆరులో మళ్ళీ తీశాను. మళ్ళీ ఎడమకే. రెండుసార్లూ నేను పగ్గాలు లాక్కుని, "చచ్చావు! ఇప్పుడు నువ్వు శవానివి! అన్నం తినే శవానివి! ఎదురుగా అంత చెరువుంటే ఎటు చూస్తున్నావే?" అని అరిచాను. అవును, కిందికి దిగాక డెల్ఫిన్ ముందు, పెట్రోలు పోసేవాళ్ళ ముందు కూడా అరిచాను. నా చదువంతా ఆ అరుపే. దాన్ని ఆపించింది నువ్వు. మెత్తని మనిషివి. పెళ్ళాం కళ్ళు తడిస్తే చూడలేవు.

ఇంకొకటి. డెల్ఫిన్‌కు ఫోను చేశాను. డబ్బా చేతిలో ఉందని రాశావే, దాన్ని పైకెత్తి ఊపావని రాయలేదు. దానికి ఆకలి, కింద మొగుడు అన్నం డబ్బా ఊపుతున్నాడు. ఎటు తిరుగుతుంది?

వాల్డో

*

బిన్మలే
19 మే 1999

వాల్డో గారికి,

గేటు దగ్గర మిమ్మల్ని అడిగాను. మీరు రాసిన మాటలు సరిగ్గానే ఉన్నాయి.

డబ్బా ఊపాను. ఇంజను ఆగకముందే మొదలుపెట్టాను. ఆగాక కూడా నాలుగైదు సెకన్లు ఊపుతూనే ఉన్నాను. నాకు అర్థం కాలేదు.

మా ఆఫీసుకు వారానికొకరు వచ్చి గట్టు పదడుగులు అటు జరపమంటారు. బంధువులు, పాత స్నేహితులు, ఒకసారి మా పెదనాన్న కొడుకు. అడగడం వాళ్ళ బలహీనత. హద్దు రాయి జరిపితే అది నా పని. సంతకం నాది. నేను అడిగాననేది నిజం. మీరు ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లు ఆపి పరీక్షించే మనిషి అనేది కూడా నిజం. నేను కాదు.

మనిద్దరి సంగతి అంతే. దానికి జవాబు అక్కర్లేదు. ఒక్కదానికి మాత్రం కావాలి. నేను మిమ్మల్ని అడిగినట్టు లుదింగ్‌కు తెలుసా?

క్రిసాంతో

*

డెడెడో
4 జూన్ 1999

సాంతో,

తెలుసు.

దీనితో పాటు అది నాకు రాసిన ఉత్తరం పెడుతున్నాను. ఇది నీకు చూపించకూడదని మొదట అనుకున్నాను. నీ పోయిన ఉత్తరం చదివాక, చూడాల్సిందే అనిపించింది. గట్ల గురించి నీతులు చెప్పేవాడు చదవాలి.

"అన్నయ్యా,

ఇవాళ ఫిబ్రవరి పద్నాలుగు. ప్రేమికుల రోజున మొగుడికి కాకుండా నీకు రాస్తున్నాను, చూడు నా బతుకు. ఆయన నాకోసం గులాబీ తెచ్చి, ధర చీటీ తియ్యడం మరిచిపోయి ఇచ్చాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

అసలు సంగతి. నవంబరులో నువ్వు నన్ను ఎక్కించలేదు. చెయ్యి జిడ్డుగా ఉంది, తర్వాత చూద్దామన్నావు. అబద్ధం చెప్పడం నీకు చేతకాదు. గేటు దగ్గర సాంతో నిన్ను పట్టుకోవడం చూశాను. ఆయన్ని ఏమీ అనలేదు. అంటే, తను నాకు అడ్డుపడ్డానని కుమిలిపోతాడు. అంత మంచివాణ్ణి ఏమనగలం చెప్పు?

కానీ అన్నయ్యా, నేనింకా ఎడమకే తిరుగుతున్నాను. మూడు వేల అడుగుల్లో ఒక్కదాన్నే సాధన చేశాను, శక్తి తీసేసి. అక్కడ మేఘాలు తప్ప ఏమీ లేవు. అయినా నా చెయ్యి ఎడమకే పోయింది. ఎందుకో నాకు తెలుసు. స్ట్రిప్‌లో ఎడమవైపు షెడ్డు, షెడ్డు దగ్గర ఆయన. పదిహేడేళ్ళుగా అక్కడే నిలబడతాడు. భయమేస్తే మనిషి ఎటు చూస్తుంది? ఆయన్ని చెరువుల వైపు నిలబడమని ఎలా చెప్పను, అదేదో శాపం పెట్టినట్టు ఉంటుంది.

నువ్వు ఈస్టరుకి రా. ఎక్కించు. నోరు పగిలేలా అరువు. ఈసారి ఏడవను, ఒట్టు. ఏడ్చినా సంతకం పెట్టకు.

నీ లుదింగ్"

దీనికి నేను, "ఈస్టరుకు కుదరదే, క్రిస్మస్‌కి చూద్దాం" అని కార్డు ముక్క పంపాను. అది కూడా నీ ఫైల్లో పెట్టుకో.

ఇక నా మాట విను. ఆ పుస్తకం ఇవ్వకు. ఆ పేజీ బయటికొస్తే నా సర్టిఫికెట్ పోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. నాకు యాభై ఎనిమిది. ఇంకో పని రాదు. అది చచ్చిపోయింది, నన్ను పాతిపెట్టినా లేవదు.

పైగా ఈ సంగతి దాని పుస్తకంతో ఆగదు. ఆ మధ్యాహ్నం మూడు పుస్తకాల్లో సంతకం పెట్టాను. ఎవరితోనూ ఎగరలేదు. ఎండగా ఉంది, కడుపు నిండా తిన్నాను, పండగ. ఒకాయన విమానం అమ్మేసుకున్నాడు. మిగిలింది డెల్ఫిన్. తొంభై ఆరులో వాడు లుదింగ్ కంటే ఘోరంగా చేశాడు, రేడియోలో పిలిస్తే వినపడక ఇంకో విమానం ముందుకు పోయాడు. ఎంక్వయిరీ వస్తే ముసలాడి రెక్కలు కూడా కత్తిరిస్తారు. పెళ్ళాం పోయింది, నేవీ ఉద్యోగం పోయింది. శనివారం మనవరాలిని ఎక్కించుకుని సముద్రం మీద ఒక చుట్టు తిరగడం, అదొక్కటే వాడికి మిగిలింది. అదీ లాక్కుంటావా?

ముగ్గురం నోరు మూసుకుందాం. జాలి పడటం నీకు కొత్తేమీ కాదుగా.

వాల్డో

*

బిన్మలే
18 జూన్ 1999, శుక్రవారం

రోమువాల్డో బాలింగిట్‌కు,

మీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. లుదింగ్ రాసినది రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

గులాబీ ధర చీటీ సంగతి నాకు తెలియదు. ఆమె దాన్ని నా ముందు తియ్యలేదు.

"ఏమీ అనలేదు. అంటే కుమిలిపోతాడు." పదిహేడేళ్ళు నేను ఆమెను నొప్పి తగలకుండా చూసుకున్నాననుకున్నాను. ఆమె నన్ను చూసుకుందట. ఇద్దరం ఒకరినొకరం అంత జాగ్రత్తగా చూసుకున్నాం కాబట్టి ఆమె ఎడమకు తిరిగింది. ఇది నాకు రావాల్సిన వాక్యం, అందింది. "ఈస్టరుకి రా" అన్నది మీకు. ఈస్టరు ఆమె పోయిన పదిహేనో రోజున వచ్చింది. నేను మీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడు.

ఆ దొంతరలో డెల్ఫిన్ పుస్తకం నేను చూశాను. పొద్దున్నే మీరు ఆయనతో ఎగిరి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక.

మీ ఉత్తరం మడిచి వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. డెల్ఫిన్ లేడు. మనవరాలిని తీసుకుని బగియోలో చుట్టాల ఇంటికి వెళ్ళాడట. కోడలు వాకిట్లో చేపలు తోముతోంది.

"ఇంటికి రారు అన్నయ్యా. రేపు తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా ఆ డొక్కు విమానం దగ్గరికే పోతారు. ఆరింటికి ఎగరాలి, పిల్లకు మాటిచ్చారు. పుట్టినరోజు కదా, ఈసారి కాసేపు దాని చేతికే ఇస్తానన్నారట. ఏం, ఏమైనా చెప్పాలా?" అంది.

"నేనే చెప్తాను" అన్నాను.

"గట్టిగా చెప్పండి. మంచి మాటయితే ఆ చెవికి అసలు ఎక్కదు" అని నవ్వింది.

మంచి మాట కాదు.

మీరు నా జాలి గురించి రాశారు. సరిగ్గానే గుర్తుపట్టారు. ఈ సాయంత్రం ఒక అరగంట, మళ్ళీ అదే వచ్చి కూర్చుంది. ముసలివాడు, శనివారం ఒక చుట్టు, ఏమవుతుందిలే అని. శ్మశానం గేటు దగ్గర కూడా సరిగ్గా ఇలాగే అనిపించింది. అందుకే గుర్తుపట్టగలిగాను.

లాగ్‌బుక్కు, మీ ఉత్తరాలు, నావాటి నకళ్ళు, ఆమెది ఒక కవరులో పెట్టాను. సోమవారం ఇన్‌స్పెక్టరుకు ఇస్తాను. అడిగింది నేనని మొదటి పేజీలో రాసి సంతకం పెట్టాను. మీ సర్టిఫికెట్ పోతుంది. నాకు ఏ శిక్షా పడదు, ఆ లాగ్‌బుక్కులో సంతకం నాది కాదు. ఆ అన్యాయం మీకు ఎంత బరువో నాకు తెలుసు. మొయ్యండి.

ఇక మీకు రాయను.

రేపు ఉదయం ఐదింటికి స్ట్రిప్‌కు వెళతాను. షెడ్డు దగ్గర నిలబడను. డెల్ఫిన్ విమానం ముందు, ప్రొపెల్లరుకు ఎదురుగా, ఆయన కుడి చెవికి వినపడేంత దగ్గర నిలబడి, ఆ జిడ్డు మరక ఉన్న పేజీ తెరిచి చూపిస్తాను. తిడతాడు. బతిమాలతాడు. పిల్ల ఏడుస్తుంది. ఆ పిల్ల సీటులోంచి దిగి నేల మీద కాలు పెట్టేదాకా అక్కడి నుంచి కదలను.

క్రిసాంతో